గ్యాస్ బిళ్ళ ఎప్పుడు, ఎలా, ఎన్నాళ్ళు: కడుపులో పుండు, గుండెల్లో మంట, వికారానికి మందులు వాడే పద్ధతి

నెల్లూరు ట్రంకు రోడ్డులోనైనా, ఒంగోలు కర్నూలు రోడ్డులోనైనా మందుల షాపు ముందు నిలబడి "గ్యాస్ బిళ్ళ ఒకటివ్వన్నా" అంటే ఏదో ఒకటి చేతిలో పడుతుంది. అది ఓమెజ్ కావచ్చు, ప్యాన్-డి కావచ్చు, ఫామోసిడ్ కావచ్చు, చప్పరించే డైజీన్ కావచ్చు. అన్నిటినీ గ్యాస్ బిళ్ళలనే అంటాం గానీ ఇవి కడుపులో చేసే పని ఒకటి కాదు. ఒకటి పరగడుపున మింగాలి, ఒకటి తిన్న గంటకు చప్పరించాలి. ఒకటి పది నిమిషాల్లో పనిచేస్తుంది, ఇంకొకటి పూర్తి బలం చూపడానికి నాలుగు రోజులు తీసుకుంటుంది. "ఎన్ని మింగినా మంట తగ్గట్లేదు" అనేవాళ్ళలో చాలామంది మందు మార్చక్కర్లేదు, వేసుకునే వేళ మార్చుకుంటే చాలు.

గ్యాస్ అనుకుని ఊరుకోకూడనివి

అన్నిటికన్నా ముందు ఇది తెలియాలి. ఛాతీ మధ్యలో బరువు పెట్టినట్టు, బిగించి పట్టినట్టు నొప్పి వచ్చి, అది ఎడమ చేతికో దవడకో వీపుకో పాకి, చెమటలు పట్టి, ఆయాసం వస్తే ఈనో తాగి పడుకోకూడదు. అది గుండెపోటు కావచ్చు. షుగరు ఉన్నవాళ్ళకు, ఆడవాళ్ళకు, వయసు మీదపడ్డవాళ్ళకు నొప్పి పెద్దగా లేకుండా ఉత్త వికారం, చెమటలు, నీరసంతోనే గుండెపోటు రావచ్చు. 108కి ఫోన్ చేసి, దగ్గర్లో ఈసీజీ తీసే చోటికి వెంటనే వెళ్ళాలి. ఈనో తాగాక తేన్పు వచ్చి కాస్త తేలికైనంత మాత్రాన గుండె బాగున్నట్టు కాదు.

కక్కినప్పుడు ఎర్రటి రక్తం గానీ కాఫీ గుండ లాంటిది గానీ పడితే, విరేచనం తారులా నల్లగా, జిగటగా, భరించలేని కంపుతో వస్తే పుండు నుంచి రక్తం కారుతున్నట్టు లెక్క. ఆ రోజే పెద్దాసుపత్రికి పోవాలి. ఐరన్ బిళ్ళలు వేసుకునేవాళ్ళకూ విరేచనం నల్లగానే వస్తుంది గానీ జిగట, ఆ కంపు ఉండవు. పొట్ట ఒక్కసారిగా చెక్కలా బిగుసుకుపోయి కదలలేనంత నొప్పి వస్తే పుండు చిల్లు పడిందేమోనని అనుమానించాలి, దానికి ఆపరేషనే దారి. ముద్ద గొంతు దిగకపోవడం, కారణం లేకుండా బరువు తగ్గడం, రక్తం తక్కువ కావడం, రోజుల తరబడి వాంతులు, యాభై ఏళ్ళు దాటాక కొత్తగా మొదలైన మంట, ఇంట్లో ఎవరికైనా కడుపు క్యాన్సర్ వచ్చి ఉండటం, వీటిలో ఏది ఉన్నా షాపు బిళ్ళలతో కాలం గడపకుండా ఎండోస్కోపీ చేయించుకోవాలి. బిళ్ళ వేస్తే క్యాన్సర్ పుండు మంట కూడా కొన్నాళ్ళు తగ్గుతుంది. భయమంతా అక్కడే.

ఆమ్లం పుట్టే చోటు

కడుపు గోడలో ఆమ్లాన్ని తయారుచేసే కణాలుంటాయి. ఒక్కో కణానికీ ఆమ్లాన్ని బయటికి తోడే పంపులుంటాయి. వాటిని పనిలోకి దించేవి మూడు: హిస్టమిన్, గ్యాస్ట్రిన్, నరాల నుంచి వచ్చే అసిటైల్‌కోలిన్. పప్పుకు తాలింపు పెట్టిన వాసన ముక్కుకు తగిలితేనే నరం ద్వారా కబురు అందుతుంది, ముద్ద కడుపులో పడ్డాక గ్యాస్ట్రిన్ తోడవుతుంది. ఆమ్లం చెడ్డది కాదు. తిన్నదాన్ని అరిగిస్తుంది, తిండితో పాటు లోపలికి పోయిన క్రిముల్ని చంపుతుంది. కడుపు గోడకు జిగురు పొర, దాని కింద క్షారం కాపలాగా ఉంటాయి. ఆ కాపలా దెబ్బతింటే పుండు పడుతుంది. ఆహారనాళం చివర ఉండే బిగింపు వదులై ఆమ్లం పైకి ఎగదన్నితే గుండెల్లో మంట. మందులు కొన్ని పంపును ఆపుతాయి, కొన్ని పంపుకు వచ్చే కబురును ఆపుతాయి, కొన్ని ఇప్పటికే ఊరిన ఆమ్లాన్ని చల్లారుస్తాయి, కొన్ని పుండు మీద పొరలా పరుచుకుంటాయి.

పంపును ఆపే మందులు: వేళే ప్రాణం

పేరు చివర "ప్రజోల్" ఉన్న గ్యాస్ బిళ్ళలన్నీ ఈ కోవలోవే. ఒమెప్రజోల్ 20, ప్యాంటప్రజోల్ 40, రాబెప్రజోల్ 20, ఎసోమెప్రజోల్ 40, లాన్సోప్రజోల్ 30 మిల్లీగ్రాములు, ఇవి మామూలుగా ఇచ్చే మోతాదులు. డాక్టర్లు వీటిని పీపీఐలంటారు. కంపెనీ మారినా, ధర మారినా లోపలి మందు అదే. జన ఔషధి షాపులో దొరికే ప్యాంటప్రజోల్ కూడా ఇదే పని చేస్తుంది.

వీటి గురించి బాగా తెలుసుకోవలసింది ఒకటుంది. ఈ మందు కడుపులో ఉండగా నేరుగా పనిచేయదు. పేగులో కరిగి, రక్తంలో కలిసి, తిరిగి ఆమ్లం తయారుచేసే కణం దగ్గరికి చేరి, అప్పుడు పనిచేస్తున్న పంపును మాత్రమే పట్టుకుని శాశ్వతంగా మూసేస్తుంది. నిద్రపోతున్న పంపు జోలికి పోదు. రక్తంలో మందు ఉండేది కొద్ది గంటలే. కాబట్టి మందు రక్తంలో నిండుగా ఉన్న సమయానికే పంపులు పనిలోకి దిగాలి, అంటే మనం తినాలి. అందుకే టిఫిన్‌కు అరగంట నుంచి గంట ముందు.

మన దగ్గర జరిగేది వేరు. పొద్దున లేవగానే టీ, ఎనిమిదింటికి కారం దోశ, తిన్న తర్వాత గుర్తొచ్చి బిళ్ళ. అప్పటికి పంపులు పని ముగించుకుంటుంటాయి, మందు సగం వృథా. ఇంకొందరు పొద్దున బిళ్ళ వేసుకుని, టిఫిన్ మానేసి, మధ్యాహ్నం ఒంటిగంటకు అన్నం తింటారు. అదీ వృథానే. చేయాల్సిందిది: లేవగానే మంచినీళ్ళతో బిళ్ళ మింగి, మొహం కడుక్కుని, స్నానం చేసి, అరగంట గడిచాక టీ, టిఫిన్. టీ కూడా ఆ అరగంట తర్వాతే.

రొయ్యల గుంటల దగ్గర రాత్రి కాపలా ఉండేవాళ్ళు, పొగాకు బ్యారన్ దగ్గర తెల్లవార్లూ మంట చూసుకునేవాళ్ళు పొద్దుటి గడియారాన్ని పట్టించుకోనక్కర్లేదు. నిద్ర లేచాక తినే మొదటి తిండికి అరగంట ముందు వేసుకోవాలి, అది మధ్యాహ్నం రెండైనా సరే. రంజాన్ ఉపవాసాల్లో సహరీకి అరగంట ముందు. రోజుకు రెండుసార్లు రాసి ఇస్తే రెండోది రాత్రి పడుకునేముందు కాదు, రాత్రి భోజనానికి అరగంట ముందు.

మొదటి రోజే అద్భుతం జరగదు. ఏ వేళకైనా కొన్ని పంపులే పనిలో ఉంటాయి, ఒక్కో బిళ్ళ ఆ కొన్నిటినే మూస్తుంది. పూర్తి బలం రావడానికి మూడు నుంచి ఐదు రోజులు. ఈలోగా మంట పుడితే డైజీన్ లాంటిది వాడుకోవచ్చు. రెండు రోజులకే "ఇది పనిచేయలేదు, ఇంకోటివ్వు" అని షాపు మార్చడం వల్ల ఏ మందూ కుదురుగా పనిచేయదు. అప్పుడప్పుడు మంట వచ్చినప్పుడు మాత్రమే ఒక ప్యాన్ 40 వేసుకోవడం కూడా దండగే, దానికి వేరే మందులున్నాయి.

బిళ్ళను విరిచి, నమిలి, పొడి చేసి వేసుకోకూడదు. పైన ఉన్న పూత పోతే కడుపులోని ఆమ్లమే మందును పాడుచేస్తుంది. మింగలేని ముసలివాళ్ళకు ఒమెప్రజోల్ క్యాప్సూల్ విప్పి, లోపలి సన్నని గుళికల్ని కొంచెం నీళ్ళలోనో బత్తాయి రసంలోనో కలిపి, నమలకుండా వెంటనే తాగించవచ్చు. పాలల్లో మాత్రం కలపకూడదు.

గుండెకు స్టెంటు వేయించుకుని, రక్తం గడ్డకట్టకుండా క్లోపిడోగ్రెల్ అనే మందు వాడేవాళ్ళు ఒమెప్రజోల్, ఎసోమెప్రజోల్ రెండూ వదిలేయాలి. క్లోపిడోగ్రెల్‌ను లివర్ పనికొచ్చే రూపంలోకి మార్చనివ్వకుండా ఇవి అడ్డుపడతాయి. వాళ్ళకు సాధారణంగా ప్యాంటప్రజోల్ ఇస్తారు. షాపులో అడిగేటప్పుడు "గుండె మందు వాడుతున్నా" అన్న ఒక్క మాట తప్పకుండా చెప్పాలి.

ఇదే పంపును వేరే తీరులో ఆపే వొనొప్రజాన్ ఇప్పుడు మన దగ్గరా దొరుకుతోంది. మొదటి రోజు నుంచే గట్టిగా పనిచేస్తుంది, తిండి వేళతో పనిలేదు. డాక్టరు రాస్తేనే వాడాలి.

ఫామోటిడిన్, పాత రాంటాక్

ఇవి హిస్టమిన్ కబురును అడ్డుకుంటాయి. పనిలోకి దిగడానికి అరగంట నుంచి గంట, పట్టు పదీ పన్నెండు గంటలు. బలం పీపీఐ కన్నా తక్కువ. రాత్రిపూట వచ్చే మంటకు, పెళ్ళి భోజనానికి ముందు జాగ్రత్తకు ఫామోటిడిన్ 20 మిల్లీగ్రాములు సరిపోతుంది. రోజూ వాడితే ఒకటి రెండు వారాల్లో శరీరం అలవాటు పడిపోయి పట్టు తగ్గుతుంది. కిడ్నీ బాగోలేనివాళ్ళకు మోతాదు తగ్గించాలి, లేకపోతే ముసలివాళ్ళలో మతి తప్పినట్టు మాట్లాడటం లాంటివి వస్తాయి.

రాంటాక్, జినెటాక్, ఎసిలాక్ పేర్లతో తరాలుగా వాడిన రానిటిడిన్ సంగతి వేరు. అందులో ఎన్‌డీఎంఏ అనే, క్యాన్సర్‌కు కారణం కావచ్చని అనుమానమున్న రసాయనం ఏర్పడుతోందని తేలి 2020 ఏప్రిల్‌లో అమెరికా దాన్ని మార్కెట్ నుంచి తీసేయమంది. మన దేశం 2022 సెప్టెంబరులో అత్యవసర మందుల జాబితా నుంచి తొలగించింది. షాపుల్లో ఇంకా దొరుకుతుంది. ఫామోటిడిన్‌కు ఆ బెడద లేదు, అది అడిగి తీసుకోండి.

డైజీన్, జెలుసిల్, ఈనో

ఇవి ఊరిన ఆమ్లాన్ని అక్కడికక్కడే చల్లారుస్తాయి, నిమిషాల్లో. ఖాళీ కడుపున తాగితే అరగంట, గంటలో కడుపు దాటిపోతాయి. తిన్న గంటకు తాగితే తిండితో పాటు కడుపులో నిలిచి రెండు మూడు గంటలు కాపాడతాయి. కాబట్టి ఇవి మాత్రం భోజనం తర్వాతే. సీసా బాగా కుదిపి రెండు చెంచాలు, అంటే పది మిల్లీలీటర్లు. పీపీఐ పరగడుపున, డైజీన్ తిన్న గంటకు అని గుర్తుపెట్టుకుంటే సగం తప్పులు పోతాయి.

వీటిలో అల్యూమినియం మలబద్ధకం చేస్తుంది, మెగ్నీషియం విరేచనాలు చేస్తుంది, అందుకే రెండూ కలిపి అమ్ముతారు. ఈనోలో ఉండేది సోడా ఉప్పు, ఒంట్లోకి సోడియం పోతుంది. బీపీ, గుండె నీరసం, కాళ్ళ వాపులు ఉన్నవాళ్ళు రోజూ తాగకూడదు. ఇవన్నీ వేరే మందుల్ని పట్టి ఉంచి ఒంటికి అందకుండా చేస్తాయి కూడా. ఐరన్, సిప్రోఫ్లోక్సాసిన్, డాక్సీసైక్లిన్ లాంటి వాటికీ వీటికీ కనీసం రెండు గంటలు, థైరాయిడ్ బిళ్ళకు నాలుగు గంటలు ఎడం ఉండాలి. పొద్దున థైరాయిడ్ బిళ్ళ మింగి వెంటనే జెలుసిల్ తాగితే ఎన్ని నెలలైనా థైరాయిడ్ రక్త పరీక్షలో టీఎస్‌హెచ్ దిగదు.

కనిగిరి చుట్టుపక్కల ఫ్లోరైడ్ నీళ్ళ బాధ, కిడ్నీ జబ్బులు ఎక్కువన్నది తెలిసిన సంగతే. కిడ్నీ దెబ్బతిన్నవాళ్ళు అల్యూమినియం, మెగ్నీషియం ఉన్న ఏ ద్రావణమూ సొంతంగా వాడకూడదు. బయటికి పోవాల్సిన ఆ లోహాలు ఒంట్లోనే పేరుకుపోతాయి. పుండు మీద పొరలా పరుచుకునే సుక్రాల్ఫేట్ సిరప్‌లోనూ అల్యూమినియమే. పీపీఐలు కూడా అరుదుగా కిడ్నీకి వాపు తెస్తాయి కాబట్టి క్రియాటినిన్ పరీక్ష మధ్యమధ్య చేయించుకుంటూ వాడాలి.

పుండు పడింది: కారం కాదు కారణం

మన గోంగూర పచ్చడికీ ఆవకాయకీ ఉన్న చెడ్డపేరు పూర్తిగా న్యాయమైనది కాదు. కారం పుండును పుట్టించదు, ఉన్న పుండును మండిస్తుంది. పుండు పుట్టించేవి ముఖ్యంగా రెండు: హెలికోబాక్టర్ పైలోరీ అనే క్రిమి, నొప్పి బిళ్ళలు.

నొప్పి బిళ్ళల సంగతే మన పల్లెల్లో పెద్దది. నాట్లు, కోతలు, మిరప ఏరడం, బస్తాలు మోయడం అయ్యాక ఒళ్ళు నొప్పులకు డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఇబుప్రొఫెన్ బిళ్ళలో సూదులో వేయించుకుంటారు. నొప్పిని పెంచే ప్రోస్టాగ్లాండిన్లను ఇవి ఆపుతాయి. కడుపు గోడ మీద జిగురు పొరను నిలిపి ఉంచేది కూడా ఆ ప్రోస్టాగ్లాండిన్లే. అందుకే "సూది వేయించుకున్నా, కడుపులోకి పోలేదుగా" అనుకోవడం తప్పు. సూది మందు రక్తం ద్వారా వచ్చి అదే పొరను పలచబరుస్తుంది. దాంతోపాటు డెక్సామెథాసోన్ లాంటి స్టెరాయిడ్ కలిస్తే ప్రమాదం ఇంకా పెరుగుతుంది. ఒకేసారి రెండు రకాల నొప్పి బిళ్ళలు వేసుకోవడం, పరగడుపున వేసుకోవడం, సారా తాగి వేసుకోవడం వద్దు. నొప్పికి ముందు ప్యారాసిటమాల్ చూడండి. అరవై దాటినవాళ్ళు, ఒకసారి పుండు వచ్చినవాళ్ళు, ఆస్పిరిన్ వాడేవాళ్ళు తప్పనిసరై నొప్పి బిళ్ళ వాడితే వాడినన్ని రోజులూ పీపీఐ తోడుండాలి. ఆ తోడు ఫామోటిడిన్ కాదు, డైజీన్ అసలే కాదు.

క్రిమి కథ 1982లో ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో బయటపడింది. బారీ మార్షల్, రాబిన్ వారెన్ పుండున్న కడుపుల్లో ఈ క్రిమిని చూపించారు. ఎవరూ నమ్మకపోతే 1984లో మార్షల్ తానే ఆ క్రిముల్ని తాగి కడుపు వాపు తెచ్చుకున్నాడు. 2005లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. అంతకు ముందు జీవితాంతం తిరగబెట్టే జబ్బుగా ఉన్న పుండు ఇప్పుడు రెండు వారాల కోర్సుతో పోయేదైంది.

క్రిమి ఉందో లేదో ఎండోస్కోపీలో ముక్క తీసి గానీ, ఊపిరి పరీక్షతో గానీ, మల పరీక్షతో గానీ చూస్తారు. రక్తంలో యాంటీబాడీ పరీక్ష ఎప్పుడో వచ్చి పోయిన క్రిమినీ చూపిస్తుంది కాబట్టి దాన్ని నమ్ముకోకూడదు. పరీక్షకు రెండు వారాల ముందు పీపీఐ, నాలుగు వారాల ముందు యాంటీబయాటిక్స్ ఆపాలి. ఆపకుండా చేయించుకుంటే క్రిమి ఉన్నా లేదని వస్తుంది. పుండు రక్తం కారుతున్నవాళ్ళు మాత్రం డాక్టరు చెప్పకుండా పీపీఐ ఆపకూడదు.

కోర్సు 14 రోజులు. పీపీఐ రోజుకు రెండుసార్లు టిఫిన్, రాత్రి భోజనాలకు అరగంట ముందు, అమాక్సిసిలిన్ 1 గ్రాము, క్లారిత్రోమైసిన్ 500 మిల్లీగ్రాములు రెండుసార్లు భోజనం తర్వాత. ఇది ఒక పద్ధతి. క్లారిత్రోమైసిన్‌కు మన దేశంలో క్రిమి చాలావరకు మొండికేసింది కాబట్టి బిస్మత్, టెట్రాసైక్లిన్, మెట్రోనిడజోల్, పీపీఐ నాలుగూ కలిపిన కోర్సు కూడా ఇస్తున్నారు. పెన్సిలిన్ పడనివాళ్ళు అమాక్సిసిలిన్ రాసేముందే చెప్పాలి.

ఈ కోర్సు మధ్యలో వదిలేసేవాళ్ళు చాలామంది. ఐదో రోజుకు నోరంతా ఇనుప రుచి, వికారం, పల్చటి విరేచనాలు. మంట ఎలాగూ తగ్గింది కదా అని ఆపేస్తారు. మిగిలిన క్రిములు ఆ మందుకు లొంగకుండా తయారవుతాయి, రెండోసారి కోర్సు ఇంకా కష్టం. రుచి మారడం క్లారిత్రోమైసిన్, మెట్రోనిడజోల్‌ల లక్షణం, కోర్సు అయ్యాక పోతుంది. బిస్మత్‌తో నాలుక, విరేచనం నల్లబడతాయి, భయం లేదు. మెట్రోనిడజోల్ వాడే రోజుల్లో, ఆపాక మరో మూడు రోజులు సారా, మద్యం ముట్టకూడదు. టెట్రాసైక్లిన్‌ను పాలు, పెరుగుతో వేసుకోకూడదు. క్లారిత్రోమైసిన్ వాడే రోజుల్లో ప్యాన్-డి వద్దు, అందులోని డాంపెరిడోన్ అనే వాంతి మందు, క్లారిత్రోమైసిన్ కలిస్తే గుండె లయ తప్పే ప్రమాదముంది. ఉత్త ప్యాంటప్రజోల్ వాడాలి. కోర్సు ముగిసిన నాలుగు వారాలకు క్రిమి పోయిందో లేదో మళ్ళీ పరీక్ష. చాలామంది ఎగ్గొట్టేది దీన్నే.

పుండు మానడానికి చిన్నపేగు మొదట్లో పడ్డదైతే పీపీఐ సుమారు నాలుగు వారాలు, కడుపులో పడ్డదైతే ఎనిమిది వారాలు. కడుపు పుండును కోర్సు తర్వాత మరోసారి ఎండోస్కోపీతో చూడాలి, మానని పుండు క్యాన్సర్ కావచ్చు. చుట్ట, బీడీ, సిగరెట్టు మానకపోతే పుండు మానడం ఆలస్యమవుతుంది, మానింది తిరగబెడుతుంది.

సుక్రాల్ఫేట్ పుండు మీద అతుక్కుని పొరలా పరుచుకునే మందు. 1 గ్రాము చొప్పున రోజుకు నాలుగుసార్లు, భోజనాలకు గంట ముందు, పడుకునేముందు. తిన్నాక వేసుకుంటే అన్నానికే అతుక్కుంటుంది. వేరే మందులకు రెండు గంటలు ఎడం ఇవ్వాలి. మిసోప్రోస్టాల్ అనే పుండు మందు గర్భాన్ని పోగొడుతుంది, గర్భం వచ్చే అవకాశమున్న ఆడవాళ్ళు దాన్ని సొంతంగా ముట్టకూడదు.

గుండెల్లో మంట, పులితేన్పులు

ఇక్కడ పీపీఐ ఆమ్లాన్ని తగ్గిస్తుందే తప్ప వదులైన బిగింపును బిగించదు. పైకి వచ్చేది వస్తూనే ఉంటుంది, మండదంతే. కాబట్టి సగం పని మందుది, సగం మనది. రాత్రి పదింటికి బిర్యానీ తిని పదిన్నరకు పడుకుంటే ఏ బిళ్ళా కాపాడదు. భోజనానికీ పడకకూ మూడు గంటలుండాలి. మంచం తలవైపు కోళ్ళ కింద 15 నుంచి 20 సెంటీమీటర్ల ఎత్తున ఇటుకలో చెక్కలో పెట్టాలి. రెండు దిండ్లు వేసుకుంటే మెడ వంగుతుంది, పొట్ట మీద ఒత్తిడి పెరుగుతుంది, మంట ఎక్కువవుతుంది. ఎడమవైపు తిరిగి పడుకుంటే కడుపులోని ఆమ్లం బిగింపుకు కింద నిలుస్తుంది. నడుముకు బెల్టు, పంచె, లంగా బొందు వదులుగా ఉంచుకోవాలి. పొట్ట తగ్గితే మంట తగ్గుతుంది.

చేపల పులుసు మానేయాలా అని అడుగుతారు. అందరూ మానక్కర్లేదు. చింతపండు, మామిడి పులుపు పడనివాళ్ళుంటారు, పడేవాళ్ళుంటారు. రెండు వారాలు ఆపి, తిరిగి పగటిపూట మితంగా తిని చూస్తే తెలిసిపోతుంది. బరువు తగ్గడానికని పరగడుపున నిమ్మనీళ్ళు తాగేవాళ్ళు మంట ఉంటే ముందు అది ఆపాలి, అది గూడూరు నిమ్మకాయదైనా సరే. చల్లటి పాలు తాగితే క్షణం హాయిగా ఉంటుంది గానీ పాలలోని కాల్షియం, మాంసకృత్తులు తర్వాత మరింత ఆమ్లాన్ని ఊరిస్తాయి. గోలీసోడా పొట్టను ఉబ్బించి ఆమ్లాన్ని పైకి నెడుతుంది.

రోజూ మంట ఉంటే పీపీఐ ఎనిమిది వారాలు సరైన వేళకు వాడాలి. తగ్గకపోతే మోతాదు పెంచేముందు వేళ సరిచూసుకోవాలి, ఆ తర్వాత డాక్టరు. తిన్నాక పైకి ఎగదన్నే బాధకు ఆల్జినేట్ ద్రావణం మంచిది, అది కడుపులో తేలుతూ ఆమ్లం మీద మూతలా నిలుస్తుంది. గర్భిణులకూ ఇబ్బంది లేదు.

ఆపే పద్ధతి

నెలల తరబడి పీపీఐ వాడి ఒక్కసారిగా ఆపితే మంట మునుపటికన్నా ఎక్కువై వస్తుంది. ఇన్నాళ్ళూ ఆమ్లం తక్కువుందని గ్యాస్ట్రిన్ పెరిగి కూర్చుంటుంది, అడ్డు తీయగానే పంపులు విరుచుకుపడతాయి. చాలామంది దీన్ని చూసి "నాకిది జీవితాంతం కావాలి" అనుకుంటారు. అది జబ్బు తిరగబెట్టడం కాదు, రెండు నుంచి నాలుగు వారాల్లో సర్దుకునే ఎదురుదెబ్బ. 40 వాడేవాళ్ళు రెండు వారాలు 20కి దిగి, తర్వాత రెండు వారాలు రోజు మార్చి రోజు వేసుకుని, ఆపేయాలి. మధ్యలో మంట పుడితే తిన్న గంటకు డైజీన్ లేదా రాత్రి ఫామోటిడిన్ 20.

ఏళ్ళ తరబడి వాడితే బి12, మెగ్నీషియం, ఐరన్ తగ్గవచ్చు, ఎముకలు పలచబడవచ్చు, పేగు ఇన్ఫెక్షన్లు రావచ్చు. షుగరుకు మెట్‌ఫార్మిన్ వాడేవాళ్ళలో అదీ బి12ను తగ్గిస్తుంది కాబట్టి అరికాళ్ళ తిమ్మిర్లు వస్తే బి12 చూపించుకోవాలి. అయితే అందరూ ఆపకూడదు. పుండు రక్తం కారిన చరిత్ర ఉన్నవాళ్ళు, ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ రెండూ వాడేవాళ్ళు, ఆహారనాళం బాగా పుండుపడ్డవాళ్ళు డాక్టరు చెప్పకుండా ఒక్క రోజూ ఆపకూడదు.

ఇంకో మాట. మింగగలిగినవాళ్ళకు "గ్యాస్ సూది" అక్కర్లేదు. ప్యాంటప్రజోల్ సూది పుండు రక్తం కారేవాళ్ళకు, నోటితో ఏదీ నిలవనివాళ్ళకు. టిఫిన్‌కు అరగంట ముందు మింగిన బిళ్ళ పొట్ట మంటకు అదే పని చేస్తుంది.

వికారం, వాంతులు: ఎక్కడి నుంచి వస్తోందో చూడాలి

మెదడులో వాంతి కేంద్రానికి కబురు అనేక దారుల్లో వస్తుంది: పేగు నుంచి, రక్తంలో విషాలు, మందుల ద్వారా, చెవిలోని తూకం చూసే భాగం నుంచి. ఒక్కో దారికి ఒక్కో మందు. అందుకే ఒకరికి పనిచేసిన బిళ్ళ ఇంకొకరికి పనిచేయదు.

దీనికి మంచి ఉదాహరణ దోర్నాల నుంచి శ్రీశైలం ఎక్కే ఘాట్ రోడ్డు. బస్సు మలుపుల్లో వచ్చే వాంతి చెవి నుంచి వచ్చేది. దానికి ఎమెసెట్ అనే ఒండాన్‌సెట్రాన్ పెద్దగా పనికిరాదు. ఎవోమిన్ లాంటి ప్రోమెథజిన్ బిళ్ళే పనిచేస్తుంది, అదీ ఘాట్ ఎక్కడానికి గంట రెండు గంటల ముందు, అంటే ఒంగోలు నుంచి పోయేవాళ్ళు మార్కాపురం చేరకముందే. వాంతి మొదలయ్యాక వేసుకుంటే అది కడుపులో నిలవదు. బాగా నిద్ర పట్టిస్తుంది, కారు నడిపేవాళ్ళు వేసుకోకూడదు, రెండేళ్ళ లోపు పిల్లలకు ఇవ్వకూడదు. ముందు సీట్లో కూర్చుని దూరంగా రోడ్డును చూడాలి, ఫోన్ చూడకూడదు.

ఒండాన్‌సెట్రాన్ 4 మిల్లీగ్రాములు పేగు ఇన్ఫెక్షన్, ఆపరేషన్, కీమో వాంతులకు మంచిది. తలనొప్పి, మలబద్ధకం చేస్తుంది. గుండె లయ జబ్బు ఉన్నవాళ్ళు చెప్పి వాడాలి.

డాంపెరిడోన్ కడుపును త్వరగా ఖాళీ చేయిస్తుంది. తిండికి పావుగంట, అరగంట ముందు 10 మిల్లీగ్రాములు, రోజుకు మూడుసార్లు మించకుండా, వారం మించకుండా. ప్యాన్-డిలో ఇది 30 మిల్లీగ్రాములు నెమ్మదిగా విడుదలయ్యేలా ఉంటుంది. అంటే నెలల తరబడి ప్యాన్-డి వాడేవాళ్ళు తెలియకుండానే రోజుకు గరిష్ఠ మోతాదు డాంపెరిడోన్ మింగుతున్నారు. వయసు మీదపడ్డవాళ్ళలో గుండె లయకు ముప్పు, ఆడవాళ్ళలో నెలసరి తప్పడం, బాలింత కాకపోయినా పాలు రావడం ఉంటాయి. ఉత్త మంటకు ప్యాన్-డి అక్కర్లేదు.

మెటోక్లోప్రమైడ్, అంటే పెరినార్మ్ సూది, వయసు పిల్లల్లో ఒక్కోసారి గంటల్లోనే భయపెట్టే దృశ్యం సృష్టిస్తుంది. కనుగుడ్లు పైకి పోయి నిలబడిపోతాయి, మెడ ఒక పక్కకు మెలితిరుగుతుంది, దవడ బిగుసుకుంటుంది, నాలుక బయటికి తోసుకొస్తుంది. ఇంట్లోవాళ్ళు ఫిట్స్ అనుకుంటారు, గాలి సోకిందంటారు. గమనించాల్సింది ఏమంటే ఆ బిడ్డకు స్పృహ ఉంటుంది, పిలిస్తే వింటుంది, చెప్పింది అర్థమవుతుంది. ఆసుపత్రికి తీసుకెళ్ళి ఏ వాంతి సూది వేశారో చెబితే ప్రోమెథజిన్ లాంటి సూదితో నిమిషాల్లో సర్దుకుంటుంది. ఆ మందు పేరు రాసి పెట్టుకోవాలి, మళ్ళీ వేయించకూడదు.

వేవిళ్ళకు డాక్సిలమిన్, బి6 కలిసిన బిళ్ళ రాత్రి పడుకునేముందు వేసుకుంటే తెల్లవారి వికారానికి అందుతుంది. పొద్దున మంచం దిగకముందే రెండు బిస్కెట్లో ఒక గుప్పెడు మరమరాలో తినాలి. నీళ్ళు కూడా నిలవకపోయినా, మూత్రం ముదురుగా తగ్గిపోయినా సెలైన్ అవసరం.

చిన్నపిల్లల వాంతి విరేచనాలకు అసలు మందు ఓఆర్ఎస్. ఒక పెద్ద ప్యాకెట్ మొత్తం సరిగ్గా ఒక లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో, సగం ప్యాకెట్ గ్లాసులో కాదు. తీపి రుచుల టెట్రా ప్యాక్ పానీయాలు ఓఆర్ఎస్ కావు. వాంతి అయ్యాక పది నిమిషాలు ఆగి, నిమిషానికో రెండు నిమిషాలకో ఒక చెంచా చొప్పున పట్టాలి. గ్లాసుతో ఒకేసారి తాగిస్తే మళ్ళీ కక్కేస్తారు. తల్లిపాలు ఆపకూడదు. డాక్టరు బరువు చూసి ఒండాన్‌సెట్రాన్ సిరప్ ఒక్క మోతాదు ఇస్తే, పావుగంట లోపు కక్కేస్తే మళ్ళీ పట్టవచ్చు, ఆ తర్వాత అయితే అక్కర్లేదు. కళ్ళు లోతుకు పోయి, ఏడిస్తే కన్నీళ్ళు రాక, ఆరు గంటలుగా మూత్రం పోయకుండా మత్తుగా ఉంటే చెంచాలు లెక్కపెడుతూ కూర్చోకుండా బయల్దేరాలి, దారి పొడవునా ఓఆర్ఎస్ పడుతూనే.